142857: విశేషం సంఖ్యదా, మనం రాసే పద్ధతిదా?

శేషం_ఒకటి: ‘142857 మహిమ’ అనే శీర్షికతో నిన్న ఇక్కడ పెట్టిన టపాపై నా అభ్యంతరం ఇది. ఈ సంఖ్యను రెండుతో గుణిస్తే 285714, మూడుతో గుణిస్తే 428571 వస్తాయి. అవే అంకెలు, అదే వరుస, మొదలు మాత్రమే వేరు. ఆరు వరకు ఇంతే. అయితే ఈ తిరుగుడు సంఖ్యది కాదు, పది అంకెలతో రాసే మన అలవాటుది. 3×3×3×11×13×37 అనే కారణాంకాలు, తనను మినహాయిస్తే మిగిలిన భాజకాల మొత్తం 1,12,503 మాత్రమే కావడం, ఇవీ సంఖ్యకు సొంతమైన గుణాలు. ఏ పద్ధతిలో రాసినా ఇవి మారవు.

పాత_పంతులు: దాని వర్గం 20408122449. దీన్ని 20408, 122449గా విడదీసి కూడితే మళ్లీ 142857 వస్తుంది కనుక అది కాప్రేకర్ సంఖ్య. అంకెల మొత్తం 27, దానితో భాగిస్తే 5291 నిశ్శేషంగా వస్తుంది కనుక హర్షద్ సంఖ్య కూడా. వీటిని పరిచయం చేసిన కాప్రేకర్ నాసిక్ దగ్గరి దేవలాలీలో బడిపంతులు. నేను చదివిన కాలేజీలో ఒక లెక్చరర్ ఇలాంటివి ‘చిల్లర లెక్కలు’ అని తరగతి ముందు నన్ను నవ్వులపాలు చేశారు. మీ మాటలోనూ ఆ వాసనే ఉంది.

అంకెలపిచ్చి: హర్షద్ కాదండీ, హర్షద. హర్షాన్ని ఇచ్చేది అని సంస్కృతార్థం.

శేషం_ఒకటి: మాస్టారూ, వాసన సంగతి పక్కన పెట్టి లెక్క చూడండి. మన పది అంకెల పద్ధతిలో 1ని 7తో భాగిస్తే 142857 అనే అంకెలే తిరుగుతాయి. పది బదులు పన్నెండు అంకెలతో రాసే పద్ధతిలో 1ని 7తో భాగిస్తే 1, 8, 6, 10, 3, 5 అనే స్థానాలు తిరుగుతాయి. ఆ ఆరు స్థానాల సంఖ్యను మన పద్ధతిలో రాస్తే 4,26,569. రెట్టింపు చేస్తే 8,53,138. తిరుగుడు ఎక్కడుంది?

పాత_పంతులు: పన్నెండులోనూ తిరుగుడు ఉందని మీరే ఒప్పుకున్నారు!

శేషం_ఒకటి: ఉంది, కాని వేరే సంఖ్యకు. పదిని 7తో భాగిస్తూ పోతే శేషాలు 3, 2, 6, 4, 5, 1; ఆరూ ఒక్కొక్కసారే వస్తాయి, అందుకే తిరుగుతుంది. విశేషం 7కూ పదికీ ఉన్న సంబంధానిది. దాన్ని ‘మహిమ’ అంటే మాత్రం నేను ఊరుకోను. ఇదే సంఖ్యను కాగితం మీద తిప్పి చూపించిన ఒక సంఖ్యాజ్యోతిష్యుడు మా అక్క పేరులో రెండు అక్షరాలు మార్పించి, మా నాన్నగారి చేత నెల జీతం కట్టించుకున్నాడు.

గుణకారం: అసలు గొడవ ఇదన్నమాట.

పాత_పంతులు: అది నాకు తెలియదు. ఏడో తరగతి పిల్లల చేత దాన్ని ఏడుతో గుణింపజేస్తే, మళ్లీ అవే అంకెలు వస్తాయని ఎదురుచూస్తున్న పలకల మీద ఆరు తొమ్మిదులు పడతాయి. ఆ క్షణం కోసమే నేను ఈ సంఖ్యను వదలను.

శేషం_ఒకటి: ఆ తొమ్మిదులు ఎందుకు వచ్చాయో భాగహారం చేసి చూపిస్తే నాకు అభ్యంతరం లేదు. శీర్షికలో ‘మహిమ’ తీసేయండి.

పాత_పంతులు: ఆ టపా నాది కాదు.