ఫ్లోరైడ్ నేల మీద చాయ్ దుకాణం: కొత్త రకాల్లో వేటిని పెట్టవచ్చు?

ప్రశ్న: నల్లగొండ జిల్లా మర్రిగూడ మండల వాసి

అందరికీ నమస్కారం. హైదరాబాదులో ఆరేళ్లు ఉద్యోగం చేసి ఈ మధ్యనే ఊరికి తిరిగి వచ్చాను. చిట్యాల దగ్గర, విజయవాడ రహదారి పక్కన ఒక చాయ్ దుకాణం తెరవాలని నేనూ నా భార్యా నిర్ణయించుకున్నాము. మడిగె కిరాయికి తీసుకున్నాము, పాల మాట ఖాయమైంది. ఏయే రకాల చాయ్ పెట్టాలన్నది మాత్రం ఇంకా తేలలేదు. మామూలు చాయ్, అల్లం చాయ్‌తో సరిపెడదామని నా ఉద్దేశం. అయితే కార్లలో వచ్చే యువకులు మాచా (పచ్చని టీ ఆకు పొడి) ఉందా, బెల్లం చాయ్ ఉందా, నీలి రంగు పూల చాయ్ ఉందా అని అడుగుతారని, అవి లేనిదే ఈ రోజుల్లో దుకాణం నడవదని సరుకు వేసేవారు చెబుతున్నారు. వారు చూపించే ప్రతి పొట్లం మీదా ఆరోగ్యానికి మంచిదన్న మాట ఉన్నది.

నన్ను ఆపుతున్నది ఒక్కటే. మా నాన్నగారు ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరు నీళ్ల కాలంలో పెరిగినవారు. యాభై ఏళ్లకే నడుము వంగిపోయింది. పక్కనున్న మనిషిని చూడాలంటే మెడ తిరగక ఒళ్లంతా తిప్పుతారు. కృష్ణా నీళ్లు ఇంటికి వచ్చాక మాకిక ఫ్లోరైడ్ భయం తీరిందనే అనుకున్నాము. ఈ మధ్య ఆయనను చూసిన డాక్టరు గారు రోజుకు ఎన్ని చాయ్‌లు తాగుతారని అడిగి, ఎనిమిదని చెప్పగానే రెండుకు తగ్గించమన్నారు. చాయ్ ఆకులోనే ఫ్లోరైడ్ ఉంటుందట. అది విన్నప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు, ఎందుకంటే ఇదే నేల మీది మనుషులకు నేను రోజూ చాయ్ పోయబోతున్నాను. ఆకులో అది నిజంగా ఎంత ఉంటుంది, ఈ కొత్త రకాల్లో ఏది నయం అన్నది తెలిసినవారు చెప్పగలరని కోరుతున్నాను.

జవాబు 1: మునుగోడు, సైన్స్ ఉపాధ్యాయుడు

మీ డాక్టరు గారు చెప్పింది నిజం. టీ మొక్క ఆమ్ల గుణమున్న నేలలో పెరుగుతుంది, ఆ నేలలోని అల్యూమినియాన్నీ ఫ్లోరైడ్‌నూ వేళ్లతో పీల్చుకుని ఆకుల్లో నిలువ చేసుకుంటుంది. ఆకు ముదిరేకొద్దీ నిలువ పెరుగుతూనే ఉంటుంది కాబట్టి మొగ్గలోనూ లేత చిగురులోనూ తక్కువగా, ముదురాకులో వాటికి ఎన్నో రెట్లు ఎక్కువగా ఉంటుంది. టిబెట్ ప్రాంతంలో ముదురాకులనూ కాడలనూ అచ్చుపోసి చేసిన ఇటుక టీని తరతరాలుగా తాగుతున్నవారిలో ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లూ ఎముకలూ దెబ్బతినే జబ్బు) కనిపించడానికి కారణం ఇదే; అక్కడ దోషం నీళ్లది కాదు, ఆకుది. 2013లో బ్రిటన్‌లోని డెర్బీ విశ్వవిద్యాలయ పరిశోధకులు అక్కడి దుకాణాల్లో దొరికే టీలను పరీక్షించినప్పుడు, చౌక రకాల డికాక్షన్‌లో లీటరుకు సగటున దాదాపు 6 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ తేలింది. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే నీటి వసతి లేని చోట 1.5 దాకా ఓర్చుకోవచ్చని మన దేశ ప్రమాణం చెబుతుంది.

ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి భయపడవలసిన పని లేదు. నీళ్లను లీటర్ల లెక్కన తాగుతాము, చాయ్‌ను చిన్న గ్లాసుల లెక్కన తాగుతాము. పైగా మన చాయ్‌లో సగం పాలే ఉంటాయి. పాలలోని కాల్షియం కొంత ఫ్లోరైడ్‌ను పట్టుకుని ఒంటికి పట్టకుండా చేస్తుంది. అయితే ఎనిమిది గ్లాసులు తాగే మనిషికి, అందులోనూ ఎముకలు ఇప్పటికే దెబ్బతిన్న మనిషికి, ఆ లెక్క చిన్నది కాదు. మీ నాన్నగారి విషయంలో డాక్టరు గారి మాటే పాటించండి.

ఆకు కంటే ముందు మీరు చూసుకోవలసినవి నీళ్లు. మరిగిస్తే దోషం పోతుందని మన ఊళ్లలో చాలామంది నమ్మకం. క్రిములు చచ్చిపోతాయి కానీ ఫ్లోరైడ్ ఆవిరైపోదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములున్న బోరు నీటిని సగానికి మరిగిస్తే మిగిలిన నీటిలో అది 3 మిల్లీగ్రాములవుతుంది. చాయ్ దుకాణంలో రోజంతా జరిగేది ఈ మరిగించడమే కదా. పటికా సున్నమూ వేసి ఫ్లోరైడ్‌ను తేర్చే పద్ధతిని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) రూపొందించినప్పుడు దానికి మన నల్లగొండ పేరే పెట్టారు. ఆఫ్రికా దేశాల్లో కూడా దానిని ఆ పేరుతోనే పిలుస్తారు. అంత పేరున్న నేల మీద చాయ్ పోసేవారు బోరు నీళ్లను పొయ్యి మీదికి ఎక్కించకూడదన్నది నా గట్టి అభిప్రాయం. ఇళ్లకు వచ్చే మిషన్ భగీరథ నీళ్లు గాని, ఆర్‌వో ప్లాంటు నీళ్లు గాని వాడండి.

ఇక కొత్త రకాలు. మాచాలో ఆకును వడకట్టి పారేయరు, పొడి చేసి మొత్తంగా తాగుతారు. ఆకులో ఉన్నదంతా కడుపులోకే పోతుంది. అది కోతకు ముందు కొన్ని వారాలు నీడ కప్పి పెంచిన ఆకు నుంచి వస్తుందన్నది నిజమే అయినా, ఈ ప్రాంతంలో రోజువారీ తాగమని నేను చెప్పను. మొగ్గలతో చేసే తెల్ల టీలో ఫ్లోరైడ్ తక్కువ, ధర మాత్రం రహదారి దుకాణానికి అందదు. నిమ్మగడ్డి, అల్లం కషాయాలకు ఈ బెడద లేదు. ఆ మొక్కలు టీ మొక్కలాగా ఫ్లోరైడ్‌ను కూడబెట్టుకోవు.

జవాబు 2: జడ్చర్ల, చాయ్ హోటల్ యజమాని

తమ్ముడూ, ఇరవై రెండేళ్లుగా ఇదే పనిలో ఉన్నాను కనుక నాలుగు మాటలు చెబుతాను. సారు చెప్పిన నీళ్ల సంగతి ముమ్మాటికీ నిజం. అయితే మరిగించే విషయంలో ఒక సవరణ ఉన్నది. ఇరానీ పద్ధతిలో డికాక్షన్‌ను మూత పెట్టి, సన్నని సెగ మీద దమ్ములో ఉంచుతాము, పాలను వేరుగా చిక్కగా కాస్తాము, గ్లాసులో రెండింటినీ కలుపుతాము. మూత గట్టిగా ఉంటే నీళ్లు ఇగిరేది తక్కువ. సారు చెప్పిన లెక్క మూత లేని గిన్నెలో పొద్దంతా మరిగే చాయ్‌కి వర్తిస్తుంది. వాడిన చాయ్ పత్తి (టీ పొడి) మీదనే మళ్లీ కొత్త పత్తి వేసి, నీళ్లు పోసి మరిగించే అలవాటు కొన్ని చోట్ల ఉన్నది. దానిని మొదటి రోజు నుంచే దగ్గరికి రానీయవద్దు. నా దగ్గర రెండు గంటలకొకసారి డికాక్షన్ పారబోసి కొత్తది పెడతాము. ఖర్చు కనిపిస్తుంది, కానీ గిరాకీ నిలబడేది దాని వల్లనే.

బెల్లం చాయ్ తప్పకుండా పెట్టండి. పాలు పొయ్యి మీద ఉన్నప్పుడు బెల్లం వేస్తే విరిగిపోతాయి. దించిన తరువాతనే తరిగిన బెల్లం కలపాలి. దాన్ని ఆరోగ్యం పేరుతో మాత్రం అమ్మవద్దు. బెల్లంలో ఇనుము ఉంటుందని అందరూ అంటారు గాని, ఆ ఇనుమును ఒంటికి పట్టనీయకుండా చేసేది చాయ్‌లోని టానిన్లే. భోజనానికి ఒక గంట ముందూ ఒక గంట తరువాతా చాయ్, కాఫీ తాగవద్దని తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మే నెలలో విడుదల చేసిన మార్గదర్శకాల్లో ఈ కారణాన్నే చెప్పింది. మా హోటల్‌కు వచ్చే కూలీ ఆడవాళ్లలో రక్తం తక్కువైనవారు చాలామంది ఉన్నారు. అన్నం తిన్న వెంటనే చాయ్ అడిగితే కాసేపు ఆగి తాగండమ్మా అని చెబుతాను.

గ్లాసుల సంగతి కూడా ఆలోచించుకోండి. కాగితం కప్పుల లోపల పలుచని ప్లాస్టిక్ పొర ఉంటుంది. ఖరగ్‌పూర్ ఐఐటీ వారు 2020లో చేసిన పరిశోధనలో, అటువంటి కప్పులో 100 మిల్లీలీటర్ల వేడి నీళ్లు 15 నిమిషాలు ఉంచితే సుమారు 25,000 సూక్ష్మ ప్లాస్టిక్ కణాలు నీటిలో కలిసినట్టు తేలింది. నేను గాజు గ్లాసులకు తిరిగి వచ్చాను. కడగడానికి ఒక మనిషిని అదనంగా పెట్టుకోవలసి వచ్చింది.

ప్రశ్న అడిగినవారు

సారుకూ అన్నకూ కృతజ్ఞతలు. మూత పెట్టి దమ్ములో ఉంచినా పత్తి గంటల తరబడి నీళ్లలోనే ఉంటుంది కదా, అప్పుడు ఫ్లోరైడ్ ఎక్కువ దిగదా? మరొక సంగతి: రహదారి వెంట కొన్ని చోట్ల చాయ్ పత్తి అందరి ధర కంటే సగానికే ఇస్తామంటున్నారు. నీళ్లలో వేయగానే ఎర్రగా రంగు దిగుతున్నది. చూడటానికి బాగున్నది గాని, నమ్మకం కలగడం లేదు.

జవాబు 3: మహబూబ్‌నగర్, చాయ్ పత్తి టోకు వ్యాపారి

నీళ్లు తగిలిన మరుక్షణమే రంగు దిగే పత్తిని తీసుకోవద్దు. తెల్లని వడపోత కాగితం మీద పత్తిని పలుచగా చల్లి కొంచెం నీళ్లు చిలకరించండి. కాసేపయ్యాక కాగితాన్ని కుళాయి కింద కడిగి వెలుతురులో చూస్తే, మంచి పత్తి అయితే మరక ఉండీ లేనట్టుగా ఉంటుంది, రంగు కలిపిన పత్తి అయితే చారలు కనిపిస్తాయి. ఇనుప రజను కలిసిందేమో అయస్కాంతం తిప్పి చూడవచ్చు. ఇవి ఆహార భద్రతా సంస్థ ఇంటి పరీక్షలుగా ప్రజలకు చెప్పినవే.

మన దగ్గర అమ్ముడుపోయేది ప్రధానంగా సీటీసీ డస్టు, అంటే యంత్రంలో నలిపి చేసిన సన్న పొడి. తక్కువ పత్తికే చిక్కని డికాక్షన్ ఇస్తుంది కనుక దక్షిణాదిలో దీనికే గిరాకీ. డస్టు అనగానే ఊడ్చిన చెత్త అనుకునేవారు ఉన్నారు, అది పొరపాటు. ఆకును యంత్రంలో నలిపి, చింపి, ఉండలు చుట్టిన తరువాత జల్లెడ పట్టగా దిగే అతి సన్నని రకం అది. అందులోనూ లేత ఆకుది ఉంటుంది, ముదురాకుది ఉంటుంది. సారు చెప్పిన తేడా అక్కడే వస్తుంది. ఉత్తరాది కర్మాగారాల డస్టునంతా బహిరంగ వేలంలోనే అమ్మాలన్న ఆదేశం 2024 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చింది. నాణ్యత పరీక్షకు సరుకంతా ఒక చోట దొరకాలన్నది దాని ఉద్దేశం. అదే ఏడాది, ముదురాకు కలిసిన నాసిరకం సరుకు తగ్గాలని, ఉత్తరాది తోటల్లో ఆకు కోతను నవంబరు 30కే ముగించాలని టీ బోర్డు ఆదేశించింది. ఈ మధ్య వచ్చిన వార్తల్లో నాకు మాచా కంటే ఇదే ముఖ్యమని తోస్తుంది, ఎందుకంటే ఇది మన గ్లాసులోకి నేరుగా వచ్చే సంగతి. ఎండలకూ వరదలకూ ఆ ఏడు పంట కూడా పడిపోయింది. 2023లో దేశమంతటా సుమారు 139 కోట్ల కిలోలు పండితే 2024లో 128 కోట్ల కిలోలకు తగ్గింది. అందుకే ఆ ఏడు ధరలు పెరిగాయి. ఏ కాలంలోనైనా సగం ధరకు పత్తి ఇస్తామనేవారి సంచిలో ఏమున్నదో ఆలోచించండి.

పూల చాయ్ పెట్టదలిస్తే బోర్డు మీద రాసే మాట విషయంలో జాగ్రత్త పడండి. టీ మొక్క నుంచి వచ్చిన దానిని తప్ప మరి దేనినీ టీ అని పిలవకూడదని ఆహార భద్రతా సంస్థ 2025 డిసెంబరులో స్పష్టం చేసింది. శంఖుపుష్పాల కషాయం, నిమ్మగడ్డి కషాయం అని రాసుకోండి. కషాయం మన ఇళ్లలో ఎప్పటి నుంచో ఉన్న మాటే.

జవాబు 4: మునుగోడు, సైన్స్ ఉపాధ్యాయుడు

జడ్చర్ల వారి సవరణ సరైనదే, నేను మూత సంగతి చెప్పలేదు. మీరు అడిగిన దానికి జవాబు: ఆకులోని ఫ్లోరైడ్‌లో ఎక్కువ భాగం మొదటి కొన్ని నిమిషాల్లోనే నీటిలోకి దిగిపోతుంది, తరువాత దిగేది కొద్దిగానే. కాబట్టి దమ్ము సమయం కంటే, ఎంత పత్తి వేశారు, ఏ ఆకు వేశారు, ఏ నీళ్లు పోశారు అన్నవే లెక్కకు వస్తాయి.

దుకాణానికి తెచ్చే నీళ్లను, ప్లాంటువైనా సరే, ఒకసారి పరీక్ష చేయించండి. వడపోత పొరలు పాతబడ్డ ప్లాంటు ఎంత తీసేస్తున్నదో కంటికి తెలియదు. గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలలో అడగండి. నీళ్లను గాజు సీసాలో కాకుండా శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలో, అవే నీళ్లతో రెండు మూడు సార్లు కడిగి నింపుకుని తీసుకువెళ్లండి. ఇంట్లో నాన్నగారు తాగే నీళ్లను కూడా మరొక సీసాలో పట్టి, రెండింటి మీదా చోటు, తేదీ రాయండి.