మ్యాట్ బ్లాక్‌తో విసిగిపోయా, కొత్త బండికి ఏ రంగు తీసుకోమంటారు?

మాది విజయవాడ. పాత బైకు మ్యాట్ బ్లాక్ (మెరుపు లేని నలుపు). నాలుగేళ్లు తిప్పాను: అరకు, లంబసింగి, ఒకసారి హంపి దాకా. ట్యాంకు బ్యాగు పట్టీ రాసుకున్న చోటా, మోకాళ్లు ఆనే చోటా నున్నబడి మెరుపు తేలింది. చాలదన్నట్టు వాటర్ వాష్ కుర్రాడు ప్రేమకొద్దీ పాలిష్ రుద్దాడు. ఇప్పుడు ట్యాంకు ఎడమ పక్కన అరచెయ్యంత మచ్చ, నూనె రాసినట్టు నిగనిగలాడుతోంది. మ్యాట్ క్లియర్ కోటుకి (రంగు మీద వేసే పారదర్శక పూత) పైన సన్నటి గరుకుదనం ఉంటుందనీ, అది అరిగితే మళ్లీ రాదనీ, గ్లాసీ పెయింట్‌లా గీతలు రుద్ది పోగొట్టలేమనీ అప్పుడు తెలిసింది.

ఇప్పుడు రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 450 బైకు తీసుకుందామని. నా మనసు హాన్లే బ్లాక్ మీదే ఉంది (బుద్ధి రాలేదు మరి). మా ఆవిడ కామెట్ వైట్ అంటోంది. "మే నెలలో నల్ల ట్యాంకు మీద ఒక్కసారి చెయ్యి పెట్టి చూడు" అని. నిజమే, కానీ వానాకాలం ఘాట్ రోడ్డు బురదకి తెలుపా? కాజా బ్రౌన్ మీద దుమ్ము కనపడదు గానీ, ఎందుకో నాకు ఎక్కట్లేదు.

మ్యాట్ బండికి మ్యాట్ పీపీఎఫ్ (పెయింట్ పాడవకుండా పైన అంటించే పారదర్శక ఫిల్మ్) వేయించినవాళ్లు ఎవరైనా ఉన్నారా? ట్యాంకు, సైడ్ ప్యానెళ్ల వరకే వేయిస్తే సరిపోతుందా? మన ఎండలకి రెండేళ్లయ్యాక అంచులు లేచాయా, పచ్చబడిందా? ఫోటోలుంటే పెట్టండి, ఎండలో తీసినవైతే ఇంకా మంచిది.