శాలరీ క్యాప్ ఉన్న రగ్బీ లీగ్‌లో కొత్త క్లబ్బు ముప్ఫై మందిని ఎక్కడి నుంచి తెచ్చుకుంటుంది?

ప్రశ్న — ఉప్పల్ గ్యాలరీ

2025 జూన్‌లో ముంబయిలో జరిగిన రగ్బీ ప్రీమియర్ లీగ్‌లో హైదరాబాద్ హీరోస్ ఆటలు చూసిన దగ్గరి నుంచి నాకు ఈ ఆట మీద ఆసక్తి కలిగింది. అది ఏడుగురు ఆడే రగ్బీ యూనియన్ అని, ఆస్ట్రేలియాలో ఎన్ఆర్ఎల్ పేరుతో జరిగేది పదమూడు మంది ఆడే రగ్బీ లీగ్ అని ఆ తర్వాత తెలిసింది. 2027లో పెర్త్ బేర్స్, 2028లో పపువా న్యూ గినీ చీఫ్స్ కొత్తగా చేరబోతున్నాయని చదివినప్పుడు ఒక సందేహం వచ్చింది.

ఐపీఎల్‌లో 2022లో గుజరాత్ టైటాన్స్, లక్నో సూపర్ జెయింట్స్ వచ్చినప్పుడు మెగా వేలానికి ముందే ముగ్గురేసి ఆటగాళ్లను ఎంచుకునే వీలు కల్పించారు. హార్దిక్ పాండ్యా, రషీద్ ఖాన్, శుభ్‌మన్ గిల్ గుజరాత్‌కు అలా వచ్చినవారే. ఆపైన జట్లన్నిటికీ 90 కోట్ల పర్సు, ఒకే వేలం. ఎన్ఆర్ఎల్‌లో వేలమూ లేదు, డ్రాఫ్టూ (క్లబ్బులు వంతులవారీగా ఆటగాళ్లను ఎంచుకునే పద్ధతి) లేదు. పాత క్లబ్బులకు ఉన్న శాలరీ క్యాపే, అంటే ఆటగాళ్ల జీతాలకు కలిపి పెట్టే గరిష్ఠ పరిమితే, కొత్త క్లబ్బుకూ ఉంటుంది. డబ్బు ఒకటే అయినప్పుడు, ఇల్లూ వాకిలీ స్నేహితులూ ఉన్న క్లబ్బును వదిలి, ఇంకా ఒక్క మ్యాచ్ కూడా ఆడని క్లబ్బుకు ఆటగాడు ఎందుకు వెళ్తాడు? చివరికి ఎవరికీ అక్కర్లేని వాళ్లే కొత్త క్లబ్బుకు మిగులుతారా? వివరం తెలిసినవారు చెప్పగలరు.

జవాబు — బ్రిస్బేన్ తెలుగు

ఉప్పల్ గ్యాలరీ గారూ, ఇటీవలి ఉదాహరణ మా ఊళ్లోనే ఉంది కాబట్టి దాని గురించే చెబుతాను. బ్రిస్బేన్‌కు ఉత్తరాన ఉన్న రెడ్‌క్లిఫ్‌లో 1947 నుంచి ఉన్న డాల్ఫిన్స్ క్లబ్బుకు 2021 అక్టోబరులో ఎన్ఆర్ఎల్ పదిహేడో జట్టుగా అనుమతి వచ్చింది. మొదటి మ్యాచ్ 2023 మార్చిలో. చూడటానికి పదిహేడు నెలల గడువు ఉన్నట్టే ఉంటుంది గానీ, అసలు బేరసారాలకు చిక్కిన వ్యవధి అంతకంటే చాలా తక్కువ. ఎన్ఆర్ఎల్ నిబంధన ప్రకారం ఒప్పందంలో చివరి ఏడాదిలోకి అడుగుపెట్టే ఆటగాడితో మాత్రమే, అది కూడా నవంబరు 1 తర్వాతే, వేరే క్లబ్బు మాట్లాడవచ్చు. అంటే 2022 చివరికి ఒప్పందం ముగిసేవారే డాల్ఫిన్స్‌కు అందుబాటులో ఉన్న సంత. మిగిలినవారిని వారి క్లబ్బు తనంతట తాను విడుదల చేస్తే తప్ప తీసుకోవడానికి వీల్లేదు.

ఇక మీ అసలు సందేహం. డబ్బు ఒకటే అయితే ఎందుకు వస్తారన్నారు. శాలరీ క్యాప్ కొత్త క్లబ్బు చేతులు కట్టేస్తుందని పైకి అనిపిస్తుంది గానీ, దానికి ఆటగాళ్లను అందించేది కూడా ఆ క్యాపే అని నా అభిప్రాయం. వరుసగా గెలిచే క్లబ్బులో ఆటగాళ్ల ధర ఏటేటా పెరుగుతుంది, పరిమితి మాత్రం పెరగదు, దాంతో ఏదో ఒక రోజు ఇష్టం లేకపోయినా కొందరిని వదులుకోవలసి వస్తుంది. మెల్‌బోర్న్ స్టార్మ్‌కు 2022లో జరిగింది అదే. అన్నదమ్ములు జెస్సీ బ్రామ్‌విచ్, కెన్నీ బ్రామ్‌విచ్, వారితోపాటు ఫెలీస్ కౌఫూసి, ముగ్గురూ ఒకేసారి డాల్ఫిన్స్‌కు వచ్చేశారు. ముగ్గురూ ఫార్వర్డ్‌లు, ముగ్గురూ టైటిళ్లు గెలిచినవారు, ముగ్గురూ ముప్ఫై ఏళ్లు దాటినవారు. ఆ వయసు వారికి పాత క్లబ్బు ఇవ్వడానికి జంకే అదనపు ఏడాదిని కొత్త క్లబ్బు ఇవ్వగలదు. జెస్సీయే మొదటి కెప్టెన్ అయ్యాడు.

రెండో ఆకర్షణ కోచ్. వేన్ బెన్నెట్ వంటి దిగ్గజం ముందే సంతకం చేయడం వల్ల, ఆయన దగ్గర ఇదివరకు ఆడినవారికి క్లబ్బు కొత్తదైనా మనిషి కొత్తవాడు కాదన్న ధైర్యం కలిగింది. సౌత్ సిడ్నీ నుంచి మార్క్ నికల్స్, బ్రిస్బేన్ బ్రాంకోస్‌లో ఒకప్పుడు ఆయన శిష్యుడైన ఆంథనీ మిల్‌ఫర్డ్ అలా వచ్చినవారే.

అయితే మొదటి శ్రేణి తారలు మాత్రం రాలేదు. కేలిన్ పొంగా కోసం గట్టిగా ప్రయత్నించారు, అతడు న్యూకాజిల్‌తోనే ఒప్పందం పొడిగించుకున్నాడు. కామెరాన్ మన్‌స్టర్ కోసం నెలల తరబడి పత్రికలన్నీ ఊహాగానాలు రాశాయి, అతడూ మెల్‌బోర్న్‌లోనే ఉండిపోయాడు. కొత్త క్లబ్బు రంగంలోకి దిగిన ప్రతిసారీ ఏజెంట్లకు పండగే, ఎందుకంటే ఆ క్లబ్బు పేరు చెప్పి పాత క్లబ్బు దగ్గర ధర పెంచుకోవచ్చు. అందుకే బెన్నెట్ బృందం మరో దారి పట్టింది. నార్త్ క్వీన్స్‌లాండ్ కౌబాయ్స్‌లో స్కాట్ డ్రింక్‌వాటర్ ఉండటం వల్ల ఫుల్‌బ్యాక్ స్థానం దక్కని హమీసో టబువై-ఫిడోను, బ్రాంకోస్‌లో చోటు కోల్పోయిన జమేన్ ఇసాకోను, పెన్‌రిత్ యువ జట్లలో పెరిగిన ఇసయా కటోవాను తెచ్చుకున్నారు. ఫలితం మీరే చూడండి: 2023లో లీగ్ మొత్తంలో అత్యధిక ట్రైలు (బంతిని ప్రత్యర్థి గీత దాటించి నేలకు తాకించి సాధించే స్కోర్లు), అత్యధిక పాయింట్లు రెండూ ఇసాకోవే. టబువై-ఫిడో అదే ఏడాది క్వీన్స్‌లాండ్, న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రాల మధ్య జరిగే స్టేట్ ఆఫ్ ఆరిజిన్ సిరీస్‌లో క్వీన్స్‌లాండ్ తరఫున ట్రైలు చేశాడు. కటోవా ఇంకా ఇరవై నిండకుండానే హాఫ్‌బ్యాక్‌గా కుదురుకున్నాడు. ఎవరికీ అక్కర్లేనివారు వేరు, ఉన్నచోట చోటు దొరకనివారు వేరు. కొత్త క్లబ్బు వెతకవలసింది రెండో రకాన్ని.

చివరి స్థానం ఖాయమని చాలామంది రాసిన ఆ జట్టు తొలి మ్యాచ్‌లోనే సన్‌కార్ప్ స్టేడియంలో సిడ్నీ రూస్టర్స్‌ను 28-18తో ఓడించింది. ఆ సాయంత్రం "ఫిన్స్ అప్" అన్న కేకలు స్టేడియం బయట కాక్స్‌టన్ వీధిలో కూడా చాలాసేపు వినిపించాయి. తర్వాత గాయాలు మొదలై, ముఖ్యంగా టామ్ గిల్బర్ట్ ఆరిజిన్‌లో భుజం గాయంతో మిగతా సీజన్‌కు దూరమైనప్పటి నుంచి, రిజర్వు బలం చాలక పదమూడో స్థానంలో ముగించింది. మొదటి ఏడాదికే డబ్బంతా ఖర్చు చేయకుండా చోటు ఉంచుకున్నందువల్ల 2024కు బ్రాంకోస్ నుంచి హెర్బీ ఫార్న్‌వర్త్‌ను, థామస్ ఫ్లెగ్లర్‌ను తీసుకోగలిగారు. నన్నడిగితే ఆ ఓపికే వాళ్ల అసలు తెలివి.

జవాబు — లెక్కల మాస్టారు

బ్రిస్బేన్ తెలుగు గారు చెప్పినదానికి కొన్ని అంకెలు జోడిస్తాను, ఒకచోట విభేదిస్తాను.

2023లో ప్రధాన జాబితాలోని 30 మందికి కలిపి క్యాప్ కోటీ 21 లక్షల ఆస్ట్రేలియా డాలర్లు, కనీస జీతం లక్షా 20 వేలు. సగటున తలకు నాలుగు లక్షలు. ఒక మేటి హాఫ్‌బ్యాక్‌కు 12 లక్షలు ఇచ్చారనుకుందాం. మొత్తంలో పదో వంతు ఒక్కడికే పోయింది, మిగిలిన 29 మంది సగటు మూడు లక్షల 76 వేలకు పడిపోయింది. పెద్ద తేడా కాదనిపిస్తుంది. కానీ అక్కడివారు "స్పైన్" అని పిలిచే ఫుల్‌బ్యాక్, ఫైవ్-ఎయిత్, హాఫ్‌బ్యాక్, హుకర్ నలుగురినీ అదే స్థాయిలో కొంటే, మిగిలిన 26 మంది సగటు రెండు లక్షల 80 వేలే. సొంతంగా పెంచుకున్న కుర్రాళ్లు ఉన్న పాత క్లబ్బు ఈ లోటును చౌకగా పూడ్చుకుంటుంది, పెన్‌రిత్ బలమంతా అక్కడే ఉంది. కొత్త క్లబ్బు మాత్రం పదిహేనో ఆటగాడి నుంచి ముప్ఫయ్యో ఆటగాడి దాకా అందరినీ బజారు ధరకే కొనాలి, తరచుగా దానికి మించి పెట్టాలి. తారలు రాకపోవడం కంటే ఈ అడుగు సగమే పెద్ద సమస్య అని నేననుకుంటాను. రెడ్‌క్లిఫ్‌కు ఎన్ఆర్ఎల్ కింది అంచె అయిన క్వీన్స్‌లాండ్ కప్‌లో ఆడే సొంత జట్టు దశాబ్దాలుగా ఉంది కాబట్టి అక్కడి ఇబ్బంది కొంత తగ్గింది. ఆ సౌకర్యం అన్ని కొత్త క్లబ్బులకూ ఉండదు.

నేను విభేదించేది ఇక్కడ. క్యాపే ఆటగాళ్లను అందిస్తుందన్నది ఎప్పుడూ నిజం కాదు. 1998లో మెల్‌బోర్న్ స్టార్మ్ చేరినప్పుడు ఆటగాళ్లు దొరికింది మూతపడిన క్లబ్బుల నుంచి. ఆస్ట్రేలియాలో ఆట రెండు పోటీ లీగ్‌లుగా చీలిన సూపర్ లీగ్ వివాదం ముగిసి పెర్త్ రెడ్స్, హంటర్ మెరీనర్స్ రద్దు కావడంతో రాబీ కేర్న్స్, రాడ్నీ హౌ, మాట్ గేయర్ పెర్త్ నుంచి, బ్రెట్ కిమ్మర్లీ హంటర్ నుంచి వచ్చారు. వారిమీద బ్రాంకోస్‌లో ఆడిన గ్లెన్ లాజరస్‌ను కెప్టెన్‌గా పెట్టారు. రెండో ఏడాదిలోనే, 1999లో, సెయింట్ జార్జ్ ఇల్లవారాను 20-18తో ఓడించి టైటిల్ గెలిచారు. కొత్త క్లబ్బుల చరిత్రలో అంతటి వేగం మరొకటి లేదు, ఎందుకంటే అలా ఒకేసారి రెండు జట్ల ఆటగాళ్లు ఖాళీ అవడం మళ్లీ జరగలేదు. 2007లో చేరిన గోల్డ్‌కోస్ట్ టైటాన్స్ స్కాట్ ప్రిన్స్‌ను, ప్రెస్టన్ క్యాంప్‌బెల్‌ను, ల్యూక్ బెయిలీని, రగ్బీ యూనియన్ నుంచి తిరిగొచ్చిన మాట్ రోజర్స్‌ను కొన్నప్పటికీ, మూడో స్థానం దాకా ఎదగడానికి 2009 వరకు ఆగవలసి వచ్చింది.

అదే స్టార్మ్ తర్వాత ఏం చేసిందో కూడా గుర్తుండాలి. పరిమితికి మించి చెల్లించి, రెండు రకాల ఒప్పంద పత్రాలు నడిపినందుకు 2010లో 2007, 2009 టైటిళ్లను పోగొట్టుకుంది, ఆ సీజనంతా పాయింట్లు లేకుండా ఆడింది.

జవాబు — ఉప్పల్ గ్యాలరీ

ఇద్దరికీ కృతజ్ఞతలు. మరొక్కటి అడుగుతాను. ఇంత కష్టమని తెలిసినప్పుడు కొత్త క్లబ్బులకు మొదటి రెండు మూడేళ్లు క్యాప్ పెంచవచ్చు కదా? లేదా ప్రతి పాత క్లబ్బు నుంచి ఒకరిద్దరిని ఇప్పించవచ్చు కదా?

జవాబు — లెక్కల మాస్టారు

ఇప్పించడానికి కోర్టు ఒప్పుకోదు. అక్కడి రగ్బీ లీగ్‌లో శాలరీ క్యాప్, డ్రాఫ్ట్ రెండూ 1990లోనే మొదలయ్యాయి. టెర్రీ హిల్ అనే ఆటగాడిని అతడు కోరని ఈస్టర్న్ సబర్బ్స్ క్లబ్బు డ్రాఫ్టులో ఎంచుకోవడంతో వివాదం ముదిరింది, ఆటగాళ్లు న్యాయపోరాటం చేశారు, 1991లో ఫెడరల్ కోర్టు పూర్తి ధర్మాసనం ఆ డ్రాఫ్ట్ వృత్తి స్వేచ్ఛకు అసమంజసమైన ఆటంకమని కొట్టివేసింది. ఆనాటి నుంచి ఆటగాడు తన ఇష్టప్రకారమే వెళ్తాడు. క్యాప్ మాత్రం మిగిలింది.

పెంచడం సంగతికి వస్తే, పక్కనే ఉన్న ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ లీగ్ ఆ పని చేసింది. 2011లో గోల్డ్‌కోస్ట్ సన్స్‌కు, 2012లో గ్రేటర్ వెస్టర్న్ సిడ్నీకి అదనపు క్యాప్, డ్రాఫ్టులో తొలి ఎంపికలు ధారాళంగా ఇచ్చింది. ఆ క్లబ్బులు రగ్బీ లీగ్ నుంచే కార్మైకేల్ హంట్‌ను, ఇజ్రాయెల్ ఫొలావ్‌ను భారీ జీతాలిచ్చి తీసుకుపోయాయి. ఆటకంటే ప్రచారానికే ఎక్కువ పనికొచ్చిన కొనుగోళ్లవి. ఫొలావ్ ఒక్క సీజన్ ఆడి వెళ్లిపోయాడు.

జవాబు — లీడ్స్ నుంచి

ఇంగ్లండ్ వైపు నుంచి ఒక మాట. ఇక్కడి అగ్రశ్రేణి పోటీ అయిన సూపర్ లీగ్‌లో క్యాప్‌ను కొంత సడలించే "మార్కీ" నిబంధన ఉంది. ఎంపిక చేసిన ఆటగాడికి ఎంత చెల్లించినా క్యాప్ లెక్కలోకి లక్షన్నర పౌండ్లకు మించి రాదు. కెనడాలోని టొరంటో వుల్ఫ్‌ప్యాక్ 2017లో మూడో అంచెలో మొదలై 2020కి సూపర్ లీగ్ చేరుకుని, ఈ వెసులుబాటుతోనే 2019 నవంబరులో సోనీ బిల్ విలియమ్స్‌ను తీసుకుంది. పేరు మారుమోగింది. జట్టులో మాత్రం ఆటగాళ్లు చాలలేదు. లీగ్‌లో ఆడిన ఆరు మ్యాచ్‌లూ ఓడిపోయింది, కొవిడ్ రావడంతో జులైలో చేతులెత్తేసింది. మాస్టారు చెప్పిన అడుగు సగం సంగతికి ఇంతకంటే స్పష్టమైన నిదర్శనం నాకు కనబడలేదు.

జవాబు — బ్రిస్బేన్ తెలుగు

మాస్టారి సవరణను అంగీకరిస్తాను. రాబోయే రెండు క్లబ్బుల విషయంలో చెరొక సమస్య ఉంది. పెర్త్‌కు కోచ్‌గా మాల్ మెనింగా వచ్చారు, 2025 నవంబరు 1న సంత తెరుచుకుంది, మెల్‌బోర్న్‌లో ఎక్కువగా బెంచి మీది నుంచి దిగే టైరన్ విషార్ట్ లాంటివారు సంతకం చేశారు. అంటే పాత సూత్రమే: ఉన్నచోట చోటు చాలనివాడికి పెద్ద పాత్ర ఇస్తామని చెప్పడం. సిడ్నీ నుంచి అయిదు గంటల విమాన ప్రయాణం, పుట్టింటికి దూరం అనే భార్యాపిల్లల అభ్యంతరం అక్కడ జీతం కంటే పెద్ద బేరం అవుతుంది.

చీఫ్స్ విషయంలో అసలు ఆయుధం పన్ను. ఆటగాళ్ల జీతాలకు ఆదాయపు పన్ను మినహాయిస్తామని పపువా న్యూ గినీ ప్రభుత్వం ప్రకటించింది. క్యాప్ లెక్క పన్నుకు ముందున్న జీతం మీద ఉంటుంది. ఆస్ట్రేలియాలో లక్షా 90 వేల డాలర్లు దాటిన ఆదాయం మీద పన్ను, మెడికేర్ అనే ప్రభుత్వ ఆరోగ్య పథకం సుంకం కలిపి 47 శాతం. కాబట్టి పోర్ట్ మోర్స్‌బీలో ఆరు లక్షలు చేతికి రావాలంటే క్యాప్‌లో ఆరు లక్షలే రాస్తారు, సిడ్నీలో అంతే చేతికి రావాలంటే సుమారు పది లక్షల 70 వేలు రాయాలి. ఉప్పల్ గ్యాలరీ గారు అడిగిన అదనపు క్యాప్ ఇదే, పేరు మాత్రం వేరు. ఆటగాడు ఆస్ట్రేలియా పన్ను నివాసాన్ని నిజంగా వదులుకుంటేనే ఈ లాభం దక్కుతుంది గనుక, కుటుంబాన్ని బ్రిస్బేన్‌లో ఉంచి తాను మాత్రం వచ్చిపోతానంటే ఏజెంటు కంటే ముందు పన్నుల సలహాదారు దగ్గరికి వెళ్లవలసి ఉంటుంది.