చువ్వ మీద కోడి కాలుతుందా, వేగుతుందా?

ప్రశ్న (గుంటూరు, బ్రాడీపేట)

సభ్యులందరికీ నమస్కారం. మా ఇంటి వంటలను ఒక పుస్తకంలో రాసి పెడుతున్నాను. మసాలా పట్టించిన కోడిని ముక్కలు చేయకుండా, చువ్వకు గుచ్చి, బొగ్గుల కుంపటి మీద తిప్పుతూ వండే విధానానికి "కాల్చిన కోడి" అని శీర్షిక పెట్టాను. మా అత్తగారు అది చదివి, "కాల్చిన తరువాత ఇంకా వండాలి కదమ్మా, వంట ఎక్కడ రాశావు?" అని అడిగారు. గ్రిల్ చికెన్, రోటిసరీ అన్న మాటలు తెలియక కాదు, ఆ పనికి తెలుగు క్రియ కావాలని అడుగుతున్నాను. నేను రాసిన మొదటి వాక్యం ఇది: "కోడిని రాత్రంతా మసాలాలో నానబెట్టి, మంట మీద కాల్చాలి."

సమాధానం (విజయవాడ, గవర్నర్‌పేట)

మీ అత్తగారి ప్రశ్నలో న్యాయం ఉంది. మన రెండు జిల్లాల పల్లెల్లో కోడి ఈకలు పీకిన తరువాత, చర్మం మీద మిగిలిన నూగు పోయేలా గడ్డి మంటకో తాటాకు మంటకో చూపి, పసుపు రాసి కడగడాన్నే కోడిని కాల్చడం అంటారు. ఆ లెక్కన కాల్చిన కోడి ఇంకా పచ్చి కోడే. కత్తిపీట ముందుకు రావడానికి సిద్ధమైంది, అంతే.

అది అలా ఉంచినా, "కాల్చు" అన్న క్రియ ఇక్కడ అంతగా అతకదని నా అభిప్రాయం. వంకాయను, మొక్కజొన్న పొత్తును, అప్పడాన్ని కాలుస్తాం. నిప్పు వస్తువును నేరుగా తాకడం, పైపొర అక్కడక్కడ నల్లబడడం ఆ మాటలోనే ఉన్నాయి. వంకాయ విషయంలో ఆ నల్లబడిన తొక్కను ఒలిచి పారేస్తాం కనుక నష్టం లేదు. చువ్వ మీది కోడికి రుచంతా ఆ చర్మంలోనే ఉంది, అది నల్లబడితే పని చెడినట్టే. అందుకే తెలిసిన వారు బొగ్గులను కోడి కిందనే పోయకుండా రెండు పక్కలకు చేర్చి, నడుమ ఒక పళ్లెం పెడతారు. కారిన కొవ్వు నిప్పుల మీద పడితే మంట లేస్తుంది, ఆ మంట తగిలిన చోట కోడి మాడుతుంది.

మన భాషలో మంట, నిప్పు, సెగ మూడూ వేరు. నాలుకలు చాచి లేచేది మంట, కణకణలాడేది నిప్పు, తాకకుండానే దూరం నుంచి తగిలేది సెగ. ఈ కోడిని వండేది సెగ మాత్రమే. బొగ్గులు రాజుకొని, మంట అణగి, పైన బూడిదరంగు నివురు పట్టాక గాని చువ్వను ఎక్కించరు. నివురుగప్పిన నిప్పు అన్న మాటను మనం మనుషుల పగలకే వాడుతున్నాం గాని, వంటకు అంతకన్న నమ్మకమైన నిప్పు లేదు.

ఇక ఆ సెగకు కోడికి ఏమవుతుందో దగ్గరగా చూడండి. చర్మం కింది కొవ్వు కరిగి చుక్కగా వేలాడుతుంది. అది జారి పడే లోపల చువ్వ తిరుగుతుంది గనుక చాలా భాగం రొమ్ము మీదుగా వీపు మీదికి, వీపు మీదుగా మళ్లీ రొమ్ము మీదికి పారుతూనే ఉంటుంది. అంటే కోడి తన కొవ్వులో తానే వేగుతోంది. నూనె బయటి నుంచి పోయలేదన్న ఒక్క తేడా తప్ప జరుగుతున్నది వేగడమే. కనుక "సెగకు వేచాలి" అని రాయమని నా సూచన. లోపలి మాంసం సంగతి వేరు, దానికి మనం నీళ్లు పోయకపోయినా ఉడికిందా లేదా అనే అడుగుతాం. తొడలో ఎముకకు తగలకుండా మందమైన చోట 74 డిగ్రీల సెల్సియస్ వేడి చేరితే ఉడికినట్టు. ఒకే కోడి పైన వేగుతుంది, లోపల ఉడుకుతుంది.

సంస్కృత నిఘంటువైన అమరకోశం వైశ్యవర్గంలో "శూలాకృతం భటిత్రం చ శూల్యమ్" అని చువ్వకు గుచ్చి వండిన మాంసానికి మూడు పేర్లు చెప్పి, వెంటనే "ఉఖ్యం తు పైఠరమ్" అని కుండలో వండినదానికి రెండు చెప్పారు. అక్కడ పేర్లలో చాలావరకు వండే సాధనాన్ని బట్టి వచ్చినవి, మన క్రియలు సెగ తగిలే తీరును బట్టి వచ్చినవి. "శూల్యకుక్కుటం" అని శీర్షిక పెట్టే ఉత్సాహం ఎవరికైనా ఉంటే కాదనను గాని, వడ్డించే ముందు టీకా తాత్పర్యాలు చెప్పవలసి వస్తుంది.

మరొక మాట: "నానబెట్టి" అని రాశారు. శనగలను నానబెడతాం, ఎందుకంటే అవి బయటి నీటిని పీల్చి ఉబ్బుతాయి. మామిడి ముక్కలను ఉప్పులో ఊరబెడతాం. చెలమలో నీరు ఊరినట్టు, నోరు ఊరినట్టు, లోపలి తడి బయటికి రావడమే ఊరడం. ఉప్పు రాసిన కోడి కూడా మొదట నీటిని వదులుతుంది, ఆ నీటిలో కరిగిన ఉప్పు తరువాత మెల్లగా మాంసంలోకి దిగుతుంది. కనుక ఊరబెట్టడమే సరి. గుంటూరు వారికి నేను చెప్పవలసిన పని లేదు గాని, కారాన్ని మాత్రం మొదటే పైన దట్టంగా పూయకండి. అది కోడి ఉడకక ముందే మాడి చేదెక్కుతుంది. చివరి పావుగంటలో నూనెలో కలిపి పూస్తే రంగూ ఘాటూ నిలుస్తాయి.

మరొక సభ్యుడు (విజయవాడ, కృష్ణలంక)

చువ్వ ఎందుకు? సాయంత్రం బండ్ల మీద బొగ్గుల సెగకు వండే చీకులు మనకు ఉన్నాయి కదా. "చీకు కోడి" అంటే ఎవరికైనా అర్థమవుతుంది.

సమాధానం (గవర్నర్‌పేట)

చీకు జనం నోట నలిగిన మాటే, నాకు ఇష్టమైన మాట కూడా. ఉర్దూ సీఖ్‌కు మొదట అర్థం ఇనుప పుల్ల, కాని మన బండి దగ్గర "నాలుగు చీకులు ఇవ్వు" అంటే అడిగేది మాంసాన్ని. పేరు పుల్ల నుంచి ముక్కలకు దిగిపోయింది, అందుచేత చీకు కోడి అంటే చిన్న ముక్కలే కళ్లముందు కదులుతాయి. నిండు కోడి బరువుకు వంగకుండా నిలిచేది చువ్వే.

ప్రశ్న అడిగిన సభ్యురాలు

మీరు చెప్పినట్టే "నిప్పుల సెగకు గంటంబావు సేపు వేచాలి" అని రాశాను. మా అమ్మాయి చదివి, "ఎవరి కోసం?" అని అడిగింది.

సమాధానం (గవర్నర్‌పేట)

ఓడిపోయాను. ఎదురుచూసే వేచు ఒకటి ఉన్నదని మరచి రాశాను. ఈ కాలపు చదువరికి అదే ముందు తోస్తుంది. ఆగు–ఆపు, రేగు–రేపు ఎలాగో వేగు–వేపు అలాగే. వేపుడు అన్న మాటలో అది రోజూ మన కంచంలోనే ఉంది. "వేపాలి" అని మార్చండి.

ప్రశ్న అడిగిన సభ్యురాలు

మార్చాను: "ఉప్పూ పెరుగూ అల్లంవెల్లుల్లీ పట్టించి రాత్రంతా ఊరబెట్టిన కిలోన్నర కోడిని చువ్వకు గుచ్చి, కాళ్లనూ రెక్కలనూ దారంతో ఒంటికి బిగించి, నివురు పట్టిన నిప్పుల సెగకు తిప్పుతూ, లోపల ఉడికే దాకా సుమారు గంటంబావు సేపు వేపాలి." శీర్షిక "చువ్వకోడి" అని పెట్టాను. మా అత్తగారు ఒప్పుకున్నారు గాని, అంతసేపు తిప్పేది ఎవరో కూడా రాయమంటున్నారు.