సీరియల్‌లో నెలకు 12 రోజుల వేషం: హనుమకొండలో ఉంటూ చేయొచ్చా, సినిమా వేషాలు వదులుకోవాల్నా?

హంటర్‌రోడ్డు:
అన్నలకు, అక్కలకు నమస్తే. హైదరాబాద్‌ల తీస్తున్న ఒక డైలీ సీరియల్‌ల హీరోయిన్ మేనమామ వేషం ఓకే అయింది. నెలకు 12 రోజులు, అగ్రిమెంటు రెండేళ్లు అంటున్నరు. వయసు 38. స్టేజీ అలవాటే, కెమెరా ముందు చేసినవి మాత్రం షార్ట్ ఫిల్ములే. ఇల్లు, పిల్లల బడి ఇక్కడే. రోజూ వచ్చిపోతూ చేసుడు కుదురుతదా? సినిమాల్ల ఒకటి రెండు రోజుల వేషాలకు కో-డైరెక్టర్లు అడుగుతున్నరు, సీరియల్ ఒప్పుకుంటే అవి పోయినట్టేనా? సంతకం పెట్టేముందు ఏమేం చూసుకోవాలె?

కాల్షీట్:
12 రోజులు అన్నది పెద్ద విషయం కాదండీ. ఏ 12 రోజులు, ఎన్నాళ్లు ముందు చెబుతారు అన్నదే అసలు విషయం. సోమవారం నుంచి శనివారం దాకా వచ్చే సీరియల్‌కు వారానికి ఆరు ఎపిసోడ్లు కావాలి. యాడ్స్ పోను ఒక్కోటి ఇరవై నిమిషాల పైచిలుకు. చేతిలో తీసిపెట్టిన ఎపిసోడ్లు ఉన్నన్నాళ్లు షెడ్యూల్ ప్రకారం పిలుస్తారు. ఆ బ్యాంకు కరిగిపోతే రాత్రి ఫోన్ చేసి పొద్దున తొమ్మిదింటికి రమ్మంటారు. దసరా, సంక్రాంతి ముందు ఎక్కువ తీసిపెట్టుకుంటారు కాబట్టి ఆ నెలల్లో మీ 12 కాస్తా 16 కావచ్చు. కథ మీ పాత్ర నుంచి పక్కకు జరిగిన నెలలో నాలుగుకు పడిపోవచ్చు కూడా.

అందుకే అగ్రిమెంటులో 'నెలకు 12 రోజుల వరకు' అని ఉందా, 'కనీసం 12 రోజులు' అని ఉందా చూడండి. మొదటిదైతే వాళ్లు మూడు రోజులు పిలిచినా మీరు అడగడానికి ఏమీ ఉండదు. అలాంటప్పుడు కనీసం ఎనిమిది రోజుల డబ్బుకైనా గ్యారంటీ రాయించుకోండి. తర్వాత 'ఎక్స్‌క్లూజివ్' అన్న మాట. వేరే ఛానల్ సీరియల్ చేయొద్దంటే సబబే, అందరికీ పెట్టే షరతే అది. సినిమాలు, వెబ్ సిరీస్‌లు, యాడ్స్ ఇందులోకి రావని ఒక వాక్యం రాయించకపోతే మాత్రం అవీ అందులోకే వస్తాయి. రెండేళ్లు మీరు మానడానికి లేదు, వాళ్లు మాత్రం పాత్రను రేపే చంపేయొచ్చు అన్నట్టు ఉంటుంది చాలా కాగితాల్లో. నోటీసు ఇద్దరికీ ఒకటే ఉండాలి, నెల రోజులు న్యాయం. సెట్‌కు పిలిచి సీన్ తీయకుండా పంపితే ఎంత ఇస్తారు, రాత్రి తొమ్మిది దాటితే ఎంత అన్నవి ఫోన్లో మాట్లాడుకుంటే సరిపోదు. కనీసం వాట్సాప్‌లో రాతపూర్వకంగా తెప్పించుకోండి.

సినిమాల సంగతి. ఒకటి రెండు రోజుల వేషం అంటే చాలాసార్లు పెద్ద నటుడితో కాంబినేషన్ సీన్. ఆయన డేటు జరిగితే మీదీ జరుగుతుంది, సరిగ్గా మీ సీరియల్ రోజు మీదికి. రెండువైపులా 'వస్తాను' అనేసి ఒకవైపు ఎగ్గొడితే ఆ కో-డైరెక్టర్ మళ్లీ పిలవడు, పక్క ఆఫీసుకూ చెబుతాడు. సీరియల్ షెడ్యూల్ రాగానే ఖాళీ తేదీలు సినిమా వాళ్లకు మెసేజ్ పెట్టండి. సినిమాకు తేదీ ఇచ్చిన నిమిషంలోనే సీరియల్ మేనేజర్‌కు చెప్పేయండి. ముందు చెబితే సీన్లు అటూ ఇటూ జరపగలరు, ఆ రోజు పొద్దున చెబితే జరపలేరు.

చాలామంది మరిచేది ఇంకొకటి, మీసం. మేనమామకు మీసం పెట్టారంటే సీరియల్ నడిచినంత కాలం అది తీయడానికి లేదు. క్లీన్ షేవ్ పోలీసు వేషాలు ఆమేరకు పోయినట్టే. అంటించిన మీసం దూరం షాట్‌లో నడుస్తుంది గానీ క్లోజప్‌లో అంచు లేచి కనిపిస్తుంది. లుక్ టెస్టు రోజే తక్కువ మీసంతో ఒప్పించుకుంటే మీకే మేలు.

కాజీపేట జంక్షన్:
తమ్మీ, వచ్చిపోవుడు సెట్ ఎక్కడున్నదో దాన్నిబట్టి ఉంటది. రామోజీ ఫిల్మ్ సిటీ అయితే మనకు దగ్గరి దిక్కే. వరంగల్ హైవే మీద ఘట్‌కేసర్ దాంక పోయి, ఔటర్ ఎక్కి పెద్ద అంబర్‌పేట దగ్గర దిగితే సిటీల అడుగు పెట్టే పని లేదు. గాని అది సొంత బండి ఉన్నోళ్ల మాట. బస్సుకైతే ఉప్పల్ల దిగి హయత్‌నగర్ దిక్కు మారాలె.

మణికొండ, గండిపేట దిక్కు కిరాయి బంగళాలల్ల తీస్తే కత వేరే. అది ఊరికి ఆ చివర. హనుమకొండల బస్సు ఎక్కి ఉప్పల్ల దిగేసరికే మూడు గంటలు. ఆడి నుంచి మెట్రో మారకుండ యూసుఫ్‌గూడ పోవచ్చు, ఉప్పల్, యూసుఫ్‌గూడ రెండూ ఒక్క లైన్ మీదియే. యూనిట్ బండి ఎక్కువగా కృష్ణానగర్, యూసుఫ్‌గూడ దిక్కు నుంచే బయల్దేరుతది. బండి తప్పిందా, మణికొండకు క్యాబ్ కిరాయి నీ జేబుల నుంచే. కాజీపేట నుంచి రైలైతే సికింద్రాబాద్‌కు రెండు గంటలు, రెండున్నర. పోయేటప్పుడు మంచిదే. తొమ్మిదింటికి ప్యాకప్ చెప్పి, మేకప్ తీసి స్టేషన్‌కు వచ్చేసరికి పదకొండు దాటుతది. ఇంటికి చేరేది అర్ధరాత్రి దాటినంక, మళ్ల తొమ్మిదింటికి సెట్‌ల ఉండాలంటే నాలుగింటికి లేవాలె. కండ్ల కింద వాపు కెమెరాల దాగదు.

ఒక్కరోజు పనైతే వచ్చిపో. వరుసగ మూడు రోజులుంటే ఆడనే ఉండు. కృష్ణానగర్‌ల రూములు పంచుకునే ఆర్టిస్టులు మస్తుగున్నరు, నెలల సగం రోజులే ఉంటనంటే కిరాయిల సగం అడుగుతరు. మేడారం జాతర ఉన్న ఏడు మాత్రం ఆ వారం తేదీలు ఇయ్యకు. బస్సులన్నీ అటే పోతయి, హైవే మీద కదలనియ్యది.

ఒగ్గుడోలు:
స్టేజీ నుంచి వచ్చినోళ్లు మొదటివారం తడబడేది మూడు తావుల్ల.

ఒకటి గొంతు. మన దగ్గర ఒగ్గు కథ, చిందు, నాటకం ఏది చేసినా చివరి వరుసల కూసున్నోనికి వినపడాలె. సెట్ల మైకు ఛాతీ మీదనే ఉంటది. పక్కనున్న మనిషితోని మాట్లాడినంత గొంతు చాలు, కోపం వచ్చినా అంతే, మాట బిర్రుగ పట్టు గాని గొంతు లేపకు. చేతులు గూడ అంతే. ఛాతీ దాంక ఫ్రేము పెట్టినప్పుడు నడుం దగ్గర ఊపిన చెయ్యి కనపడదు, భుజం ఒక్కటే ఉత్తగ కదులుతది.

రెండోది ప్రాంప్టింగ్. సీరియళ్లల్ల డైలాగు పేపరు చానసార్లు సెట్లనే చేతికొస్తది. అసిస్టెంట్ డైరెక్టర్ పక్కన నిలవడి మాట అందిస్తడు, నువ్వు అనాలె. ఆయన ముగించక ముందే అందుకుంటే రెండు గొంతులు కలుస్తయి. లైవ్ సౌండ్ అయితే ఆ ముక్క పనికిరాదు, డబ్బింగ్ అయితే నడుస్తది. ఆయనను నాలుగైదు మాటలకొక తాన ఆపమని ముందే అడుగు. ఆ ఆగిన క్షణంల నీ చూపు ఎదుటి ఆర్టిస్టు మీదనే ఉండాలె. చెవి అటు పెట్టంగనే కన్ను గూడ అటు జారుతది, కొత్తోళ్లను పట్టిచ్చేది అదే. సజెషన్ షాట్‌ల ఎదుటి మనిషి భుజం మీద నుంచి తీస్తరు, అప్పుడు కెమెరా దిక్కున్న కన్ను చూడాలె, రెండు కండ్లు మార్చి మార్చి చూస్తే చూపు ఊగుతది.

మూడోది కంటిన్యూటీ, అంటే వేరే వేరే రోజుల్ల తీసిన షాట్లు ఒక్కతీరుగ కనపడుడు. ఇంట్లకు వచ్చే షాట్ ఇయ్యాల, గుమ్మం బయటి షాట్ పది రోజుల తర్వాత తీయొచ్చు. సీన్ అయినంక నీ ఫోన్‌ల ఫొటో తీసుకో: చొక్కా చేతి మడత ఎన్ని మెలికలు, గడియారం ఏ చేతికి, బొట్టు ఎంత, జేబుల పెన్ను ఉన్నదా. కాస్ట్యూమ్ అసిస్టెంటు రాసుకుంటడు గాని రోజుకు అంతమందిని చూసేటోడు తప్పిపోతడు. చిన్న వేషాలకు బట్టలు చానసార్లు నువ్వే తెచ్చుకోవాలె. సన్న గీతలు, సన్న గళ్లు వద్దు, కెమెరాల అలలు అలలుగ కదుల్తయి. తెల్లటి తెలుపు గూడ వద్దు, మొఖం నల్లబడ్డట్టు కనపడతది.

యాస గురించి ముందే అడుగు. హీరోయిన్ ఇంట్ల అందరు 'వచ్చాడు, వెళ్లాడు' అంటుంటే మేనమామ ఒక్కడు 'వచ్చిండు' అంటే కథల దానికి కారణం ఉండాలె. వాళ్లకు యాసే కావాలంటే నువ్వు ఇంట్ల మాట్లాడినట్టే మాట్లాడు, నవ్వు కోసం సాగదీయకు. పేపర్ల రాసిన యాస చానసార్లు ఏ జిల్లాదీ కాదు, డైరెక్టర్‌ను అడిగి నోటికి తగ్గట్టు మార్చుకో.

హంటర్‌రోడ్డు:
మస్తు విషయాలు చెప్పిన్రు. పేమెంటు 90 రోజులకని అంటున్నరు, అది మామూలేనా? ఇంకొకాయన 'ఆర్టిస్ట్ కార్డు' లేకుంటే చేయనియ్యరు, పదిహేను వేలిస్తే ఇప్పిస్తనంటున్నడు.

లెక్కలపద్దు:
కార్డు ఇప్పిస్తానన్నాయన నంబరు బ్లాక్ చెయ్యండి. వేషం ఓకే అయ్యాక డబ్బు అటు నుంచి ఇటు రావాలే గానీ ఇటు నుంచి అటు పోకూడదు. సినిమా నటులకు 1993లో పెట్టుకున్న మూవీ ఆర్టిస్ట్స్ అసోసియేషన్ ఉంది, టీవీ వాళ్లకు సంఘం వేరు. సభ్యత్వం అవసరమైతే ప్రొడక్షన్ మేనేజర్‌ను అడిగి, సంఘం ఆఫీసుకు మీరే పోయి కట్టండి, రసీదు తీసుకోండి. ఫొటోషూట్ ప్యాకేజీ, రిజిస్ట్రేషన్ ఫీజు, ఆడిషన్ ఫీజు అని అడిగేవాళ్లందరూ ఇదే బాపతు.

90 రోజులు బాధగా ఉన్నా వింతేమీ కాదు. ఏ తేదీ నుంచి 90 అన్నది అడగండి. షూటింగ్ రోజు నుంచా, ఎపిసోడ్ వచ్చిన రోజు నుంచా, మీరు బిల్లు ఇచ్చిన రోజు నుంచా? ఈ తేడా మీద నెల గడిచిపోతుంది. ఉదాహరణకు రోజుకు 3,000 అనుకోండి. 12 రోజులకు 36,000. 10 శాతం టీడీఎస్ (ఇచ్చేముందే కోసుకునే పన్ను) 3,600 పోతే చేతికి 32,400. వేషాలు ఇప్పించే ఆర్టిస్టు మేనేజర్ ద్వారా వచ్చిన వేషమైతే ఆయన కమీషన్ మొత్తం మీదనా, చేతికి వచ్చినదాని మీదనా తేల్చుకోండి. పది శాతం మొత్తం మీదనైతే మీకు మిగిలేది 28,800. రూము, తిరుగుడు, బట్టలు అందులోంచే. కన్వేయన్స్, అంటే రానుపోను ఖర్చు, విడిగా ఇస్తారా అని ఇప్పుడే అడగాలి, మొదలయ్యాక అడిగితే ఇవ్వరు. మొదటి చెక్కు వచ్చేదాకా మూడు నాలుగు నెలల ఖర్చు ముందే పక్కన పెట్టుకోకుండా దిగకండి. మధ్యలో మానేసే వాళ్లలో ఎక్కువమందిని ఆపేది నటన కాదు, ఈ మొదటి మూడు నెలలే.

కోసుకున్న టీడీఎస్ మీ పాన్ మీద జమ అయిందో లేదో ఇన్‌కం ట్యాక్స్ పోర్టల్‌లో మూడు నెలలకోసారి చూసుకోండి. మీ మొత్తం ఆదాయం పన్ను పడేంత లేకపోతే రిటర్న్ వేస్తే వెనక్కి వస్తుంది, వేయకపోతే రాదు. చేసిన ప్రతి రోజుకూ ఒక చిన్న పుస్తకంలో తేదీ, సెట్‌లో ఎన్నింటికి, ప్యాకప్ ఎన్నింటికి, ఎన్ని సీన్లు అని రాసి, నెలాఖరున ప్రొడక్షన్ మేనేజర్‌కు మెసేజ్ చేసి 'సరే' అనిపించుకోండి. వాళ్ల లెక్కలో పది రోజులు, మీ లెక్కలో పన్నెండు వచ్చిన నెలలో అదే మీ సాక్ష్యం.

కాల్షీట్:
ఒకటి చేరుస్తా. గొంతు మీదేనా, వేరేవాళ్లతో డబ్బింగ్ చెప్పిస్తారా అన్నది కూడా అగ్రిమెంటులో ఉండాలి. మీ గొంతే అయితే డబ్బింగ్‌కు వచ్చే రోజులను ఆ 12లో కలుపుతారా, విడిగా లెక్కేస్తారా అడగండి. ఏమీ రాయకపోతే అవి ఉచితం కింద పోతాయి. సినిమా వాళ్లకు పంపే ఆడిషన్ వీడియో మాత్రం ఆపకండి. ఫోన్ అడ్డంగా, కంటి ఎత్తులో, నడుం నుంచి పైకి కనిపించేలా, కిటికీ వెలుతురు ముఖం మీద పడేలా, ఫ్యాను ఆపి తీయండి. ఎదుటి డైలాగు చెప్పే మనిషి లెన్స్ పక్కనే నిలబడి మెల్లగా చెప్పాలి. వాట్సాప్‌లో మామూలు వీడియోగా పంపితే క్వాలిటీ పడిపోతుంది, డాక్యుమెంట్‌గా పంపండి. మొదట్లోనే పేరు, వయసు, ఎత్తు, ఊరు, ఖాళీ తేదీలు చెప్పండి.