చూపు లేని తమ్ముడు ఆర్కెస్ట్రాలో వయొలిన్ వాయించగలడా?

ప్రశ్న: మా తమ్ముడికి పుట్టుకతోనే చూపు లేదు. పన్నెండేళ్లుగా వయొలిన్ నేర్చుకుంటున్నాడు, ఇప్పుడు వెస్ట్రన్ ఆర్కెస్ట్రాలో చేరతానని పట్టుబట్టాడు. వాద్య బృందాన్ని చేతి సైగలతో నడిపించే కండక్టర్ చెయ్యి కనబడకుండా అంతమందితో ఎలా కలుస్తాడని ఇంట్లో ఒకటే టెన్షన్. తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు 1: కైరోలో అల్ నూర్ వల్ అమల్ అని చూపు లేని మహిళల ఆర్కెస్ట్రానే ఉందండి. బ్రెయిలీ లిపిలో ఉన్న మ్యూజిక్ నోట్స్ వేళ్లతో చదివి, మొత్తం కంఠతా పట్టి, వేదిక మీద కండక్టర్ చెయ్యి చూడకుండానే వాయిస్తారు. జపాన్ పియానిస్ట్ నొబుయుకి త్సుజీ 2009లో వాన్ క్లైబర్న్ అంతర్జాతీయ పియానో పోటీలో మొదటి బహుమతి పంచుకున్నాడు, ఆయనా పుట్టుకతో అంధుడే.

జవాబు 2: నాకూ చూపు లేదు, ఒక చిన్న స్ట్రింగ్ గ్రూపులో వయొలిన్ వాయిస్తాను. పక్కనున్నావిడ బో (వయొలిన్ కమాను) కదిపే ముందు తీసుకునే ఊపిరే నాకు కండక్టర్. అసలు కష్టం అది కాదు, వయొలిన్‌కి రెండు చేతులూ కావాలి కాబట్టి చదువుతూ వాయించడం కుదరదు, నాలుగు బార్లు (సంగీతంలో చిన్న భాగాలు) చదివి, వాయించి, మళ్లీ చదవాలి, అందుకే నోట్స్ ముందుగా కావాలి. ఒకచోట రిహార్సల్ రోజున ప్రింటు కాగితాలు చేతిలో పెట్టారు, ఏడుపొచ్చింది.

జవాబు 3: మ్యూజ్‌స్కోర్ అనే సంగీతం రాసే సాఫ్ట్‌వేర్‌లో ఫైల్ ఉంటే బ్రెయిలీలోకి మార్చుకోవచ్చు, ఉచితమే. తమ్ముడికి ఇప్పుడే బ్రెయిలీ సంగీత లిపి నేర్పించండి.