చర్చ: 1945 నాటి ‘అండ్ దెన్ దేర్ వర్ నన్’ చిత్రంలో ముగింపు మార్చడం న్యాయమేనా?

మాంబలం పాఠకురాలు:
రెనె క్లెయిర్ తీసిన ఈ చిత్రాన్ని చెన్నైలోని తెలుగు మిత్రులం కలిసి చూశాక వాదన ఎంతకూ తెగలేదు కనుక ఇక్కడ ప్రస్తావిస్తున్నాను. ముగింపు చెప్పక తప్పదు. చూడనివారు ఇక్కడే ఆగండి.

చట్టానికి చిక్కకుండా ప్రాణాలు తీశారన్న ఆరోపణ ఉన్న పదిమందిని దీవిలోని ఒక భవనానికి రప్పించి, ఒక్కొక్కరినే చంపుతూ పోయే కథ ఇది. అగాథా క్రిస్టీ 1939 నాటి నవలలో ఒక్కరూ మిగలరు. చిత్రంలో మాత్రం వెరా అనే యువతి, లొంబార్డ్ పేరుతో వచ్చిన యువకుడు ఇద్దరూ బతికి బయటపడటమే కాక, అసలు నిర్దోషులుగా తేలుతారు. ఇది కథకు ప్రాణమైన చోటనే దెబ్బ తీసిందని నా అభిప్రాయం. గ్రామఫోను రికార్డు పేరుపేరునా నేరాలు చదువుతుంటే అతిథుల ముఖాలు మారిపోయే దృశ్యంలో, ఈ రహస్యం బయటివాళ్లకెలా తెలిసిందన్న ఉలికిపాటే ఆ ఇంటిని భయంకరం చేస్తుంది. ఆ ఉలికిపాటుకు కారణమే లేనివారు ఇద్దరున్నారని చివర్లో చెబితే, అంతదాకా పడిన భయానికి విలువేముంది?

పెరంబూరు వాసి:
అమ్మా, ముగింపును మొదట మార్చింది క్రిస్టీగారే. 1943లో లండన్ రంగస్థలం కోసం ఆవిడే స్వయంగా తిరగరాశారు, క్లెయిర్ దాన్నే తీసుకున్నారు. పైగా ఆయన మొదటి నుంచీ హాస్యాన్ని కలుపుకుంటూ వచ్చారు. తాళపు కన్నంలోంచి ఒకరు మరొకరిని చూస్తుంటే, ఆ చూసేవారినే ఇంకొకరు గమనించే దృశ్యం గుర్తు తెచ్చుకోండి. అటువంటి చిత్రానికి అందరి చావూ అతకదు. ప్రేక్షకులను కూడా తలచుకోవాలి కదా! 1954లో మన మదరాసులోనే వీణ ఎస్. బాలచందర్ ఒక్క పాటైనా లేకుండా ‘అంద నాళ్’ అనే హత్యాపరిశోధన చిత్రం తీస్తే, అప్పట్లో అది ఆడలేదు.

మాంబలం పాఠకురాలు:
ఆడకపోయినా, ఈనాటికీ మనం గౌరవంతో తలచుకుంటున్నది ‘అంద నాళ్’నే కదండీ. రచయిత్రే మార్చారన్నంత మాత్రాన ఆ మార్పు మేలైనదని తీర్మానించలేం. యుద్ధం నడుస్తున్న రోజుల్లో నాటకశాలకు వచ్చేవారి కోసం చేసిన సర్దుబాటు వేరు, కథ తనంతట తాను కోరుకునే ముగింపు వేరు. నవల ముగింపు తెరకు పనికిరాదనడానికీ వీల్లేదు, ఎందుకంటే 1987లో స్తనిస్లావ్ గోవరూహిన్ సోవియట్ చిత్రంలో దాన్ని యథాతథంగా నిలిపారు. మీరు చెప్పిన తాళపు కన్నం దృశ్యం నాకూ ఎంతో ఇష్టం. అయితే అది అంతగా పండిందంటే, చూసేవారూ చూడబడేవారూ అందరూ సమానంగా అనుమానితులు కావడం వల్లనే. ఆ వరుసలో ఇద్దరికి ఏ పాపమూ అంటలేదని ముందే తెలిసి రెండోసారి చూడండి, ఆ దృశ్యంలో పట్టు ఎంత సడలుతుందో మీకే తెలుస్తుంది.